పోలీసులకిచ్చిన వాంగ్మూలం

నేర దర్యాప్తు జరుగుతున్న సమయంలో నిందితుడు గానీ, సాక్షి గానీ, ఫిర్యాది గానీ పోలీసు అధికారికి చెప్పిన మాటలను పోలీసులకిచ్చిన వాంగ్మూలం అంటారు. భారతదేశంలో ఇటువంటి వాంగ్మూలం దర్యాప్తుకు దారి చూపడానికి పనికివస్తుంది కానీ, కొన్ని పరిమిత సందర్భాలలో తప్ప కోర్టులో సాక్ష్యంగా చెల్లదు. ముఖ్యంగా నిందితుడు పోలీసు అధికారి ముందు చేసిన నేరాంగీకారాన్ని అతనికి వ్యతిరేకంగా రుజువు చేయరాదు. "పోలీసుల విచారణలో నిందితుడు నేరం అంగీకరించాడు" అని పత్రికలలో తరచుగా కనిపించే వాక్యానికి న్యాయస్థానంలో దాదాపు విలువ లేదు.

ఈ సూత్రం 1872 నాటి భారతీయ సాక్ష్య చట్టంలోని 25, 26, 27 సెక్షన్లలోనూ, నేర విచారణ ప్రక్రియా స్మృతిలోని 161, 162 సెక్షన్లలోనూ ఉండేది. 2024 జూలై 1 నుండి వీటి స్థానంలో భారతీయ సాక్ష్య అధినియమం, 2023 లోని 23వ సెక్షను, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, 2023 లోని 180, 181 సెక్షన్లు అమలులోకి వచ్చాయి. అంకెలు మారినా నియమం మారలేదు. ఆ తేదీకి ముందే నడుస్తున్న కేసులకు పాత చట్టమే వర్తిస్తుంది. అందువలన రెండు రకాల సెక్షన్ నంబర్లూ తీర్పులలో ఇంకా కనిపిస్తాయి.

హైదరాబాదు సమీపంలోని శంషాబాద్ ప్రాంతం ఈ నియమాన్ని అర్థం చేసుకోవడానికి రెండు కారణాల వలన అనువైనది. 2019లో దేశమంతటా చర్చకు వచ్చిన "దిశ" కేసు ఇక్కడ మొదలయింది. విమానాశ్రయంలో కస్టమ్స్ అధికారికి ఇచ్చిన వాంగ్మూలానికీ, పోలీసు స్టేషనులో ఇచ్చిన వాంగ్మూలానికీ చట్టం చూపే తేడా కూడా ఇక్కడే ప్రత్యక్షంగా ఎదురవుతుంది.

చరిత్ర

ఈ నియమం పుట్టుకకు మద్రాసు ప్రెసిడెన్సీతో దగ్గర సంబంధం ఉన్నది. కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పట్లో ఆ ప్రెసిడెన్సీలోనివే. శిస్తు వసూలుకూ, నేరం ఒప్పించడానికీ ప్రజలను చిత్రహింసలు పెడుతున్నారన్న ఆరోపణలపై ఈస్టిండియా కంపెనీ ప్రభుత్వం ఒక విచారణ సంఘాన్ని నియమించింది. 1855లో ఆ సంఘం ఇచ్చిన నివేదిక హింస వాస్తవమేనని తేల్చింది. శిస్తు వసూలు చేసే తాసీల్దారు చేతిలోనే పోలీసు అధికారం కూడా ఉండటం దీనికి ఒక ముఖ్య కారణంగా కనిపించింది. దాని తరువాత 1859లో మద్రాసు పోలీసు చట్టం వచ్చి, పోలీసు శాఖ రెవెన్యూ నుండి వేరుపడింది.

1861 నాటి నేర విచారణ ప్రక్రియా స్మృతిలో పోలీసుల ముందు చేసిన నేరాంగీకారం చెల్లదన్న నిబంధనలు చేర్చబడ్డాయి. జేమ్స్ ఫిట్జ్‌జేమ్స్ స్టీఫెన్ 1872లో సాక్ష్య చట్టాన్ని రూపొందించినప్పుడు వాటిని అందులోకి తెచ్చాడు. ఇంగ్లండులో ఇంత కఠినమైన నిషేధం లేదు. అక్కడ నేరాంగీకారం స్వచ్ఛందమా కాదా అన్నదే అప్పట్లో ప్రశ్నగా ఉండేది. భారతదేశంలో మాత్రం స్వచ్ఛందంగా చెప్పినా, నిజమే చెప్పినా, విన్నది పోలీసు అధికారి అయితే అది చెల్లదు. ప్రతి కేసులోనూ కొట్టారా లేదా అని విచారించడం కంటే, కొట్టి చెప్పించినా ప్రయోజనం లేకుండా చేయడమే మేలని చట్టకర్తలు భావించారు. శంషాబాద్‌తో సహా నిజాం రాజ్యంలో ఉండిన ప్రాంతాలకు ఈ కేంద్ర చట్టం 1951లో విస్తరించబడింది.

సాక్షుల వాంగ్మూలం

దర్యాప్తు అధికారి సాక్షులను విచారించి వారి మాటలను వ్రాసుకుంటాడు. వాడుకలో దీనిని "161 స్టేట్‌మెంటు" అంటారు. దానిపై సాక్షి చేత సంతకం చేయించరాదు. చాలామంది అనుకునేదానికి భిన్నంగా ఇది సాక్ష్యం కాదు. సాక్షి కోర్టుకు వచ్చి ప్రమాణం చేసి చెప్పినదే సాక్ష్యం. ముందు పోలీసులకు ఒక రకంగా చెప్పి, కోర్టులో మరో రకంగా చెబితే, ఆ తేడాను ఎత్తి చూపడానికి మాత్రమే పాత వాంగ్మూలాన్ని వాడవచ్చు. ఆ అవకాశం ప్రధానంగా నిందితుని పక్షాన వాదించే న్యాయవాదిది. సాక్షి ఎదురు తిరిగితే కోర్టు అనుమతితో ప్రభుత్వ న్యాయవాది కూడా వాడవచ్చు. ముఖ్యమైన విషయాన్ని పోలీసులకు అసలు చెప్పకుండా కోర్టులో కొత్తగా చెప్పడం కూడా వైరుధ్యమే అవుతుందా అన్న ప్రశ్నను సుప్రీంకోర్టు 1959లో తహసీల్దార్ సింగ్ కేసులో వివరంగా చర్చించింది.

వాంగ్మూలం ఇచ్చిన వ్యక్తి ఆ తరువాత మరణిస్తే, అతని మరణానికి గల కారణాన్ని గురించి చెప్పిన భాగం మరణ వాంగ్మూలంగా చెల్లుతుంది. దానిని వ్రాసుకున్నది పోలీసు అధికారి అయినా సరే.

ప్రథమ సమాచార నివేదిక, అనగా ఎఫ్.ఐ.ఆర్., దీనికి కొంత భిన్నమైనది. అది దర్యాప్తు మొదలవడానికి ముందు ఇచ్చిన సమాచారం కనుక 162వ సెక్షను నిషేధం దానికి వర్తించదు. ఫిర్యాది చెప్పిన సాక్ష్యాన్ని బలపరచడానికీ, ఖండించడానికీ కూడా దానిని వాడవచ్చు. అయితే హత్య చేసినవాడే స్టేషనుకు వచ్చి ఫిర్యాదు వ్రాయిస్తే ఏమవుతుంది? 1965లో అఘ్నూ నగేసియా కేసులో సుప్రీంకోర్టు దీనికి సమాధానం చెప్పింది. అందులోని నేరాంగీకారమంతా, హత్యకు కారణం, సన్నాహం, తరువాత చేసిన పనులతో సహా, 25వ సెక్షను కింద నిషిద్ధమే. వస్తువులు బయటపడటానికి దారి తీసిన భాగం మాత్రమే మిగులుతుంది.

ప్రీవీ కౌన్సిల్‌కు వెళ్ళిన రెండు తెలుగు కేసులు

ఈ విషయంపై దేశమంతటా న్యాయ కళాశాలలలో బోధించే రెండు ప్రధాన తీర్పులూ తెలుగువారి కేసులలో వచ్చినవే.

మొదటిది పాకాల నారాయణ స్వామి కేసు. 1937 మార్చి 23న పూరీ రైల్వే స్టేషనులో, మూడవ తరగతి పెట్టెలో ఒక ఇనుప ట్రంకుపెట్టె దొరికింది. అందులో ముక్కలుగా నరికిన శవం ఉన్నది. మృతుడు పిఠాపురం దివాను వద్ద బంట్రోతుగా పనిచేసినవాడు. దివాను అల్లుడైన నారాయణ స్వామి బరంపురంలో ఉండేవాడు. అతని భార్య మృతుని వద్ద సుమారు 3,000 రూపాయలు అప్పు తీసుకున్నది. బాకీ తీర్చుకోవడానికి బరంపురం వెళ్తున్నానని మృతుడు ఇంట్లో భార్యతో చెప్పి బయలుదేరాడు. అరెస్టుకు ముందు పోలీసులు అడిగినప్పుడు నారాయణ స్వామి, మృతుడు తన ఇంటికి వచ్చి మర్నాడు రైలులో వెళ్ళిపోయాడని చెప్పాడు.

ఈ మాట నేరాంగీకారమా? 1939లో లార్డ్ అట్కిన్ వ్రాసిన తీర్పు కాదని చెప్పింది. నేరాన్ని గానీ, నేరాన్ని రూపొందించే విషయాలన్నిటినీ దాదాపుగా గానీ ఒప్పుకుంటేనే అది నేరాంగీకారం. కేవలం అనుమానం కలిగించే విషయాన్ని ఒప్పుకోవడం నేరాంగీకారం కాదు. అయినప్పటికీ ఆ మాట మరో కారణం వలన చెల్లలేదు. తరువాత నిందితుడిగా మారిన వ్యక్తి దర్యాప్తులో చెప్పిన మాట కూడా 162వ సెక్షను పరిధిలోకే వస్తుందని ప్రీవీ కౌన్సిల్ నిర్ణయించింది. మృతుడు భార్యతో చెప్పిన మాట మాత్రం అతని మరణానికి దారితీసిన పరిస్థితులకు సంబంధించినది కనుక చెల్లింది. చెల్లని వాంగ్మూలాన్ని పక్కన పెట్టినా మిగిలిన సాక్ష్యం సరిపోతుందని అప్పీలును కొట్టివేశారు. వాంగ్మూలం చెల్లకపోతే నిందితుడు తప్పించుకుంటాడన్న అభిప్రాయానికి ఈ కేసు ఒక జవాబు.

రెండవది గుంటూరు జిల్లాకు చెందిన పులుకూరి కోటయ్య కేసు. ఒక గ్రామ ముఠా తగాదాలో జరిగిన హత్యలకు గుంటూరు సెషన్స్ కోర్టు తొమ్మిదిమందికి శిక్ష విధించింది. నిందితులలో ఒకడు పోలీసులతో, ఈటెతో పొడిచానని, దానిని ఊళ్ళో ఒక దొడ్డిలో దాచానని, ఆ చోటు చూపిస్తానని చెప్పాడు. మరొకడు ఆయుధాన్ని గడ్డివామిలో దాచానన్నాడు. వస్తువులు దొరికాయి. మొత్తం వాంగ్మూలాన్ని సాక్ష్యంగా తీసుకోవచ్చునా అన్నది ప్రశ్న.

27వ సెక్షను ప్రకారం, పోలీసు నిర్బంధంలో ఉన్న నిందితుడు ఇచ్చిన సమాచారం వలన ఒక విషయం బయటపడితే, ఆ విషయానికి స్పష్టంగా సంబంధించిన భాగం వరకు సాక్ష్యంగా చెల్లుతుంది. బయటపడిన "విషయం" అంటే ఈటె మాత్రమే కాదని సర్ జాన్ బ్యూమాంట్ వ్రాసిన తీర్పు వివరించింది. ఆ వస్తువు ఉన్న చోటు, అది అక్కడ ఉన్నదని నిందితునికి తెలిసి ఉండటం, ఈ రెండూ కలిసినదే బయటపడిన విషయం. కాబట్టి "దాచాను, చూపిస్తాను" అన్నది చెల్లుతుంది. "పొడిచాను" అన్నది చెల్లదు, ఎందుకంటే పొడిచిన సంగతి ఈటె దొరకడం వలన బయటపడలేదు. ఆ ఈటె నేరంలో వాడినదేనని మరో సాక్ష్యంతో రుజువు చేయాలి. 1946 డిసెంబరులో వెలువడిన ఈ తీర్పును నేటికీ సుప్రీంకోర్టు అనుసరిస్తున్నది.

నేరాంగీకార పంచనామా

పై తీర్పు వచ్చి దాదాపు 80 ఏళ్ళు అయినప్పటికీ, రెండు తెలుగు రాష్ట్రాలలోనూ ఇద్దరు పంచ్ సాక్షుల సమక్షంలో "నేరాంగీకార పంచనామా" పేరుతో నేరం కథ మొత్తాన్నీ వ్రాసే అలవాటు కొనసాగుతున్నది. దీనినే కొన్ని జిల్లాలలో మధ్యవర్తుల నివేదిక అంటారు. పలు పేజీల ఆ పత్రంలో కోర్టుకు పనికివచ్చేది సాధారణంగా ఒకటి రెండు వాక్యాలే. మిగిలినది కోర్టు దృష్టిలో లేనట్లే లెక్క. కానీ రిమాండ్ రిపోర్టు ద్వారా పత్రికలకు చేరేది ఆ మిగిలిన భాగమే.

27వ సెక్షను దుర్వినియోగానికి అవకాశమిస్తుందన్న విమర్శ చాలాకాలంగా ఉన్నది. వస్తువు ముందే పోలీసుల చేతికి వచ్చి, తరువాత నిందితుడు చూపించినట్లు వ్రాస్తే దానిని కనిపెట్టడం కష్టం. అందరూ తిరిగే బహిరంగ స్థలంలో దొరికిన వస్తువును కోర్టులు ఎక్కువ జాగ్రత్తతో పరిశీలించడానికి కారణం ఇదే. కొత్త సురక్షా సంహితలోని 105వ సెక్షను సోదా, స్వాధీన ప్రక్రియలను దృశ్య శ్రవణ సాధనాలతో రికార్డు చేయాలని నిర్దేశిస్తున్నది. పోలీసు స్టేషన్లలో సీసీ కెమెరాలు అమర్చాలని సుప్రీంకోర్టు 2020 డిసెంబరులో పరంవీర్ సింగ్ సైనీ కేసులో ఆదేశించింది. నిందితుని సమ్మతి లేకుండా నార్కో పరీక్ష జరపరాదని 2010లో సెల్వి కేసులో తీర్పు చెప్పింది.

నిందితుడు నిజంగానే నేరం ఒప్పుకోదలచుకుంటే అందుకు తగిన చోటు మేజిస్ట్రేటు కోర్టు. మేజిస్ట్రేటు ముందుగా, నేరం ఒప్పుకోవలసిన బాధ్యత లేదని, ఒప్పుకుంటే అది వ్యతిరేక సాక్ష్యం కావచ్చునని హెచ్చరించాలి. అతడు స్వచ్ఛందంగా చెబుతున్నాడని నమ్మకం కలిగిన తరువాతే నమోదు చేయాలి. ఒప్పుకోవడానికి ఇష్టపడకపోతే అతనిని తిరిగి పోలీసు కస్టడీకి పంపరాదు. ఈ చివరి నిబంధన పాత 164వ సెక్షనులో ఉండేది, ఇప్పుడు 183వ సెక్షనులో ఉన్నది.

పోలీసు నిర్బంధంలో ఉండగా విలేకరులకు ఇచ్చిన ఇంటర్వ్యూ సంగతి కూడా తరచుగా ప్రశ్నగా వస్తుంది. పార్లమెంటుపై దాడి కేసులో 2005లో సుప్రీంకోర్టు, పోలీసుల ఏర్పాటుతో జరిగిన అటువంటి ఇంటర్వ్యూకు సాక్ష్య విలువ ఇవ్వరాదని అభిప్రాయపడింది.

దిశ కేసు

2019 నవంబరు 27 రాత్రి శంషాబాద్ వద్ద తొండుపల్లి టోల్‌ప్లాజా సమీపం నుండి ఒక యువ పశువైద్యురాలు అదృశ్యమయింది. మర్నాడు ఉదయం షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లి వంతెన కింద కాలిపోయిన ఆమె మృతదేహం దొరికింది. అత్యాచార బాధితుల గుర్తింపును బయటపెట్టడం నేరం కనుక ఆమెను "దిశ" అని వ్యవహరిస్తున్నారు. ఫిర్యాదు తీసుకోవడంలో ఆలస్యం చేశారన్న కారణంతో ముగ్గురు పోలీసు సిబ్బంది సస్పెండ్ చేయబడ్డారు. పరిధితో నిమిత్తం లేకుండా ఏ స్టేషనులోనైనా ఫిర్యాదు స్వీకరించే "జీరో ఎఫ్.ఐ.ఆర్." విధానంపై అప్పుడు పెద్ద చర్చ జరిగింది. నేడు అది సురక్షా సంహిత 173వ సెక్షనులో భాగం.

నవంబరు 29న నలుగురిని అరెస్టు చేసినట్లు సైబరాబాద్ పోలీసులు ప్రకటించి, పత్రికా సమావేశంలో నేరం జరిగిన తీరును వరుసగా వివరించారు. ఆ రాత్రి ఏం జరిగిందని ప్రజలకు తెలిసిన కథలో అధిక భాగం ఈ వివరణ నుండీ, రిమాండ్ రిపోర్టు నుండీ వచ్చినదే. నిందితులు పోలీసులకు చెప్పినట్లుగా అందులో ఉన్న మాటలు విచారణ జరిగి ఉంటే కోర్టులో చెల్లేవి కావు. టోల్‌ప్లాజా సీసీ కెమెరా దృశ్యాలు, ఫోరెన్సిక్ నివేదికలు, సాక్షుల మాటలు వంటి స్వతంత్ర సాక్ష్యాలపైనే కేసు నిలబడవలసి ఉండేది.

విచారణ జరగలేదు. డిసెంబరు 6 తెల్లవారుజామున పోలీసు కస్టడీలో ఉన్న నలుగురూ చటాన్‌పల్లి వద్ద కాల్పులలో మరణించారు. బాధితురాలి ఫోను మొదలైన వస్తువులను చూపించడానికి వారిని అక్కడికి తీసుకువెళ్ళామని, వారు ఆయుధాలు లాక్కుని కాల్పులు జరపగా ఎదురుకాల్పులు జరిపామని పోలీసులు తెలిపారు. అంటే ఆ ప్రయాణానికి చెప్పిన కారణం 27వ సెక్షనుకు సంబంధించినదే. నిందితుని మాటలో కోర్టుకు పనికివచ్చే ఆ కొద్ది భాగాన్ని సంపాదించడమే దాని ఉద్దేశం.

2019 డిసెంబరు 12న సుప్రీంకోర్టు మాజీ న్యాయమూర్తి వి.ఎస్.సిర్పుర్కర్ అధ్యక్షతన ముగ్గురు సభ్యుల విచారణ సంఘాన్ని సుప్రీంకోర్టు నియమించింది. బొంబాయి హైకోర్టు మాజీ న్యాయమూర్తి రేఖా సొండూర్ బల్దోటా, సీబీఐ మాజీ డైరెక్టరు డి.ఆర్.కార్తికేయన్ మిగిలిన సభ్యులు. 2022 జనవరిలో సమర్పించిన నివేదిక అదే సంవత్సరం మే 20న బహిర్గతమయింది. ఆయుధాలు లాక్కున్నారన్న కథనాన్ని సంఘం నమ్మలేదు. మరణించాలన్న ఉద్దేశంతోనే కాల్పులు జరిపారని అభిప్రాయపడి, 10 మంది పోలీసు సిబ్బందిని హత్యానేరం కింద విచారించాలని సిఫారసు చేసింది. మరణించిన నలుగురిలో ముగ్గురు మైనర్లని కూడా తేల్చింది. 2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రకారం 18 ఏళ్ళు నిండని వారిని పోలీసు లాకప్‌లో గానీ జైలులో గానీ ఉంచరాదు. సుప్రీంకోర్టు నివేదికను తదుపరి చర్యల కోసం తెలంగాణ హైకోర్టుకు పంపింది.

సంఘం పరిశీలించినది నలుగురి మరణాన్ని. పశువైద్యురాలి హత్య కేసులో ఏ సాక్ష్యం నిలబడేది, ఎవరి పాత్ర ఎంత అన్న ప్రశ్నలు ఏ సెషన్స్ కోర్టులోనూ తేలలేదు. ఆమె కుటుంబానికి కూడా కోర్టు తీర్పు రూపంలో జవాబు దొరకలేదు.

విమానాశ్రయంలో తేడా

శంషాబాద్‌లోని రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం 2008 మార్చిలో ప్రారంభమయింది. ఇక్కడ ప్రయాణికుని ప్రశ్నించే అధికారి ఎవరన్నదానిని బట్టి వాంగ్మూలం విలువ మారిపోతుంది.

దొంగ బంగారంతో పట్టుబడిన ప్రయాణికుని కస్టమ్స్ అధికారి 1962 నాటి కస్టమ్స్ చట్టం 108వ సెక్షను కింద పిలిచి వాంగ్మూలం తీసుకుంటాడు. కస్టమ్స్ అధికారి పోలీసు అధికారి కాడని 1968లో రమేశ్ చంద్ర మెహతా కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తీర్పు చెప్పింది. అందువలన ఆ వాంగ్మూలంలోని నేరాంగీకారం సాక్ష్యంగా చెల్లుతుంది. అందులో అబద్ధం చెప్పడం కూడా శిక్షార్హమే. బెదిరించి గానీ ఆశ చూపి గానీ చెప్పించారని తేలితే మాత్రం అది చెల్లదు. 2025 ఫిబ్రవరిలో రాధికా అగర్వాల్ కేసులో కూడా సుప్రీంకోర్టు కస్టమ్స్ అధికారులు పోలీసు అధికారులు కారన్న అభిప్రాయాన్నే కొనసాగించింది. అయితే అరెస్టు సమయంలో పాటించవలసిన రక్షణలు వారికీ వర్తిస్తాయని చెప్పింది.

అదే ప్రయాణికుని పెట్టెలో బంగారానికి బదులు హెరాయిన్ దొరికితే ఫలితం వేరు. మాదకద్రవ్యాల చట్టం 53వ సెక్షను కింద దర్యాప్తు అధికారం పొందిన అధికారి ఏ శాఖకు చెందినవాడైనా సాక్ష్య చట్టం దృష్టిలో పోలీసు అధికారే అని 2020 అక్టోబరు 29న తూఫాన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 2-1 ఆధిక్యతతో నిర్ణయించింది. ఆ చట్టం 67వ సెక్షను కింద తీసుకున్న నేరాంగీకారాన్ని వాడరాదని స్పష్టం చేసింది. అంతకు ముందు ఎన్నో మాదకద్రవ్యాల కేసులు ప్రధానంగా ఇటువంటి వాంగ్మూలాలపైనే నడిచేవి.

విమానాశ్రయంలో భద్రత చూసే కేంద్ర పారిశ్రామిక భద్రతా దళం సాధారణ నేరాలను తాను దర్యాప్తు చేయదు. సామాను దొంగతనం వంటి వాటిలో పట్టుబడినవారిని స్థానిక పోలీసులకు అప్పగిస్తుంది. ఆ క్షణం నుండి పై పోలీసు నియమాలన్నీ వర్తిస్తాయి. ఈ విధంగా ఒకే భవనంలో కొన్ని అడుగుల దూరంలో చెప్పిన ఒకే మాట ఒక గదిలో సాక్ష్యమవుతుంది, పక్క గదిలో కాదు. సామాన్య ప్రయాణికునికి ఈ తేడా తెలిసే అవకాశం తక్కువ. పోలీసు అధికారికి ఉన్న అధికారాలలో చాలా భాగం కస్టమ్స్ అధికారికి కూడా ఉన్నప్పుడు ఈ తేడా ఎందుకన్నది న్యాయ నిపుణులలో ఇంకా చర్చనీయాంశమే.